ఆఖరి పెట్టె వచ్చేదాకా

గోదావరి గట్టు నుంచి మన్యం మీదుగా విశాఖ సముద్రం దాకా ఆరు రోజుల సైకిల్ యాత్ర. పద్దెనిమిది మంది. ఆ ఆఖరి రోజును అందరికన్నా వెనక నుంచి చూసిన మనిషి చెబుతున్న కథ ఇది.

“లాభం... రెండు... మూడు... నాలుగు...”

తెల్లవారుజామున ఐదున్నర. అరకు లోయ ఇంకా పొగమంచు కిందే ఉంది. పక్కనున్న మనిషి మొహం ఆనడం లేదు గానీ సైకిళ్లకు పెట్టుకున్న దీపాలు వరసగా మినుకుమంటున్నాయి. ఒక్కో దీపాన్నీ వేలితో చూపిస్తూ మాస్టారు లెక్కపెడుతున్నారు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. నరసన్నపేట దగ్గరి పల్లెలో పుట్టిన ఆయన మనుషుల్నీ అలాగే కొలుస్తారు. వరసలో ముందున్న మనిషి లాభం. చివర తన గుండె మీద చెయ్యి పెట్టుకుని “నాతో పద్దెనిమిది” అంటారు. ఆ మాట వినబడ్డాకే మా దండు కదులుతుంది.

మొదటి మూడు రోజులూ ఆ లాభం నేనే. ఎక్కడ బయల్దేరినా ముందు వరసలో నిలబడేదాన్ని. ఆఖరి రోజున నా చోటు మారింది. ఆ రోజు నేను స్వీప్‌ని.

సైకిల్ యాత్రల్లో స్వీప్ అంటే అందరికన్నా వెనక వచ్చే మనిషి. ఆ మనిషి వెనక ఇంకెవరూ మిగలకూడదు. ఎవరు ఆగితే వాళ్ల దగ్గర ఆగాలి. ఎవరి చక్రంలో గాలి పోతే వాళ్ల పక్కన కూర్చోవాలి. ఎవరైనా దిగి నడిస్తే తనూ దిగి నడవాలి. కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా దాన్ని దాచుకోవాలి. కోరి తీసుకునే పని కాదది. నేను అడిగి తీసుకున్నాను. ఎందుకో చెప్పాలంటే మూడో రోజు సాయంత్రం దగ్గరికి వెళ్లాలి. అంతకన్నా ముందు, రాజమహేంద్రవరం దాకా.

గోదాట్లో వెనక చక్రం

పుష్కర ఘాట్‌లో మెట్లు దిగి, వెనక చక్రాన్ని గోదావరిలో ముంచి బయల్దేరాం. విశాఖలో ముందు చక్రాన్ని సముద్రంలో ముంచితే యాత్ర ముగిసినట్టు. ఈ ఆచారాన్ని మాకు తెచ్చిపెట్టింది చికాగోలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చిన మిత్రుడు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1973లో ‘డెమోయిన్ రిజిస్టర్’ పత్రికవాళ్లిద్దరు, జాన్ కరాస్, డొనాల్డ్ కాల్, తమ రాష్ట్రాన్ని పడమటి కొస నుంచి తూర్పు కొసకు సైకిళ్ల మీద దాటుతూ దారిలో కనిపించినవాటి గురించి రాద్దామనుకున్నారు. ఇష్టమున్న పాఠకులు తమతో రావచ్చని పత్రికలో వేశారు. అలా మొదలైందే ‘రాగ్‌బ్రాయ్’. ఏటా జులై చివరి వారంలో వేలమంది తొక్కుతారు. మొదట వెనక చక్రాన్ని పడమటి సరిహద్దు నదిలో ముంచుతారు, ఏడో రోజున ముందు చక్రాన్ని మిసిసిపీలో. ఆ మొదటి ఏడాది యాత్రను క్లారెన్స్ పికార్డ్ అనే 83 ఏళ్ల పెద్దాయన ఆడవాళ్ల సైకిల్ మీద, నడి వేసవిలో ఉన్ని లోదుస్తులు వేసుకుని పూర్తిచేశాడు. మా మిత్రుడు ఈ కథ చెప్పినప్పుడు మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: “ఎనభై మూడా? అంటే నాకింకా ఇరవై రెండేళ్లున్నాయన్నమాట.”

మా దారి రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు. మొత్తం దాదాపు 400 కిలోమీటర్లు. విజయవాడ నుంచి బ్యాంకు ఉద్యోగిని, ఖమ్మం నుంచి అన్నదమ్ములిద్దరు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఐదుగురు, కాకినాడ నుంచి ఒక డాక్టరుగారు, ఇలా తలో ఊరు. సామాన్లకు ఒక వ్యాను. దారిలో చాలా చోట్ల 516ఇ జాతీయ రహదారి వెడల్పు పనుల దుమ్ము. రెండో రోజుకే మా అందరి కనుబొమలూ ఒకే రంగుకు వచ్చాయి.

మూడో రోజు మధ్యాహ్నం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర ఆగాం. మాస్టారు తెలుగు వాచకం చెప్పి రిటైరైన మనిషి. తేదీలు ఆయన నాలుక మీదే ఉంటాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాల మీద దాడి. “వాళ్లు అటు నుంచి ఇటొచ్చారు, మనం ఇటు నుంచి అటెళ్తున్నాం” అన్నారు. “మనకి రోడ్డుంది, సైకిలుంది, వెనకాల వ్యానుంది. వాళ్లకి అడివే దారి.” హైదరాబాద్ కుర్రాళ్లు సమాధి చుట్టూ మౌనంగా తిరిగారు. నేను గడియారం చూసుకున్నాను. లంబసింగి ఘాట్ ఎక్కాలి, చీకటి పడేలోగా చింతపల్లి చేరాలి.

నా తప్పు

ఘాట్ మొదట్లో మాస్టారు చెయిన్ సరిచేసుకోవడానికి ఆగారు. పక్కన నేనే ఉన్నాను. “నువ్వు పదమ్మా, వెనకాలే వస్తాను” అన్నారు. నేను వెళ్లిపోయాను.

అంతే జరిగింది. చెబితే ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం వెనక ఏముందో నాకు తెలుసు. ముందు వరస నాకు దూరమైపోతోంది. కొండ ఎక్కేటప్పుడు ఒకసారి లయ కుదిరితే దాన్ని తెంచుకోబుద్ధి కాదు. ఊపిరి, కాలు, చక్రం ఒకటైపోతాయి. పెద్దమనిషి పొమ్మన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మనవాళ్లలో పెద్దలు “నువ్వు తినెయ్, నాకోసం ఆగకు” అంటే నిజంగా తినెయ్యమని కాదని తెలిసే వయసు నాది.

చింతపల్లిలో చీకటి పడింది. చలి మోకాళ్లలోకి దిగుతోంది. వ్యాను సామాన్లతో ముందే వచ్చేసింది. టీ కొట్టు ముందు మిరపకాయ బజ్జీలు తింటూ ఎవరో లెక్కపెట్టారు. పదిహేడు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు. పదిహేడే. పరమానందయ్య శిష్యులు ఏరు దాటాక ఎవరికి వారు తమను లెక్కపెట్టుకోవడం మరిచిపోయి ఒకడు కొట్టుకుపోయాడని ఏడ్చారట. అలాగే మనలో ఎవరో తనను తాను మరిచిపోయారని నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. రోజూ లెక్కపెట్టే మనిషే లేరన్న సంగతి ఇంకో ప్లేటు బజ్జీలు వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

వ్యాన్లో నేనూ వెళ్లాను. ఘాట్ మలుపులు ఒక్కొక్కటే హెడ్‌లైట్ వెలుగులో తిరుగుతుంటే నేను ఏం మొక్కుకున్నానో ఇక్కడ రాయను. ఫోన్ సిగ్నల్ లేదు. లంబసింగి దాటి రెండు మూడు కిలోమీటర్లు దిగాక, మాస్టారు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నడుస్తూ కనిపించారు. వెనక చక్రంలో గాలి లేదు. తలకు మఫ్లరు, నోట్లో టార్చి. వ్యాను దగ్గరికి రాగానే టార్చి తీసి, నా మొహం చూసి అన్నారు:

“ఏటమ్మా, మళ్లీ ఇంత దూరం నువ్వొచ్చావా?”

కోప్పడితే బాగుండేది.

ఆ రాత్రి నుంచే మా దండుకు స్వీప్ ఏర్పాటు. నాలుగో రోజు మా లీడరే వెనక వచ్చారు. ఐదో రోజు డాక్టరుగారు. ఆరో రోజు నాకు ఇమ్మన్నాను.

చదివాకే మడత

అరకు నుంచి విశాఖ అంటే అంతా దిగుడే అనుకుంటారు. 115 కిలోమీటర్లలో మొదటి భాగం చాలా మటుకు ఎక్కుడే. లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి సుంకరిమెట్ట మీదుగా గాలికొండ దాకా ఇంకా పైకి పోవాలి. వెనక నుంచి తొక్కుతుంటే నాకు కొత్త సంగతులు తెలిసొచ్చాయి. ముందున్నప్పుడు రోడ్డు కనిపిస్తుంది. వెనకున్నప్పుడు మనుషులు కనిపిస్తారు. బ్యాంకు ఉద్యోగిని ఎక్కుడు వచ్చినప్పుడల్లా ఎడమ భుజం ఎగరేస్తారు. ఖమ్మం అన్నదమ్ముల్లో తమ్ముడు కావాలని గేరు తగ్గించుకుని అన్న పక్కనే ఉంటాడు. ఐదు రోజులు కలిసి తొక్కి, కలిసి తిని, ఒకే గదిలో పడుకున్నవాళ్ల గురించి ఈ మాత్రం కూడా నేను చూడలేదు.

రోడ్డుకు రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ. పళ్లు ఎర్రగా పండే కాలం. బుట్టలు నడుముకు కట్టుకుని ఆడవాళ్లు కోస్తున్నారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి గింజలు పారిస్ దాకా వెళ్తున్నాయి. కోసేవాళ్లలో ఒకామె మమ్మల్ని చూసి సంచులేసుకుని ఎక్కడికని అడిగింది. మాస్టారు సైకిల్ దిగి మరీ సమాధానం చెప్పారు, సముద్రానికి అని. ఆమె నవ్వి, తను సముద్రం రెండుసార్లు చూశానంది. నేనూ దిగి నిలబడ్డాను. మూడో రోజయితే నాకు ఈ మాటలు వినబడేవి కావు.

గాలికొండ చేరేసరికి పొగమంచు కిందికి దిగిపోయి లోయల్లో పాలు పోసినట్టు నిలబడింది. చెమటకు తడిసిన బట్టలతో దిగుడు మొదలుపెడితే చలి గాలి ఛాతీని కోసేస్తుంది. యూరప్ పందాల్లో పాతకాలపు సైకిల్ వీరులు కొండ నెత్తిన అభిమానులు అందించే వార్తాపత్రికను చొక్కా లోపల పెట్టుకుని దిగేవారు. కాగితం గాలిని ఆపుతుంది, తడిని పీలుస్తుంది. ఇప్పటికీ అంతకన్నా చవకైన ఉపాయం లేదు. టీ కొట్టు అవ్వను అడిగితే పొట్లాలు కట్టే పాత పేపర్లు ఇచ్చింది. అందరూ మడిచి చొక్కాల్లో దోపుకున్నారు. మాస్టారు తనకిచ్చిన పేజీని విప్పి, వెలుతురుకు పట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివారు. అది ఏదో పాత ఆదివారం అనుబంధం. చదివాకే మడిచారు. నేను ఆగాను. కోతులు మా సంచుల చుట్టూ చేరుతుంటే వాటిని అదిలిస్తూ ఆయన చదవడం పూర్తయ్యేదాకా ఆగాను. ఆ పది నిమిషాలే ఆ రోజంతటిలో నాకు బాగా గుర్తున్నవి.

అనంతగిరి దాటాక లోయ అవతల రైలు కూత వినబడింది. పొద్దున్న విశాఖలో బయల్దేరిన కిరండూల్ ప్యాసింజరు ఎక్కుతోంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన దారి అది. 58 సొరంగాలు. ఒక సొరంగంలోంచి బయటికొచ్చి, నాలుగు పెట్టెలు కనిపించేలోగా ఇంకో సొరంగంలోకి దూరుతుంది. మా నాన్న రైల్వేలో పనిచేశారు. చిన్నప్పుడు ఆయనతో ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఇంజను వెళ్లిపోగానే నేను చూపు తిప్పుకునేదాన్ని. ఆయన తిప్పేవారు కాదు. పచ్చజెండా పట్టుకుని ఆఖరి పెట్టె దాకా చూసేవారు. ఆ పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది, రాత్రయితే ఎర్రదీపం. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే వెనక ఎక్కడో కొన్ని పెట్టెలు తెగి ఉండిపోయాయని అనుమానించాలి. అది తేలేదాకా ఆ పట్టాల మీదికి ఇంకో బండిని వదలరు. “ఇంజను వచ్చిందని బండి వచ్చినట్టు కాదమ్మా” అనేవారు నాన్న. చింతపల్లిలో బజ్జీలు తింటున్న పదిహేడు మందిమి ఇంజను మాత్రమే.

1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో అందరికన్నా చివర నిలిచిన పోటీదారును ‘లాంటెర్న్ రూజ్’ అంటారు. ఎర్రలాంతరు. రైలు చివరి పెట్టెకు కట్టిన దీపం నుంచే ఆ పేరు వచ్చింది. పందెం మధ్యలో మానేసినవాళ్లకు ఆ పేరు దక్కదు. ఆఖరి రోజు ఆఖరి గీత దాటితేనే ఎర్రలాంతరు.

సొల్యూషన్ ఆరేదాకా

ఇక దిగుడు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు ఈ ఒక్క ఘాట్‌లో కిందికి దించాలి. తొక్కే పనే లేదు, పనంతా వేళ్లది. బ్రేకు అదే పనిగా పట్టి ఉంచితే రబ్బరు ఒరిసి రిమ్ము కాలుతుంది, లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. పట్టి వదలాలి, మళ్లీ పట్టి వదలాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఇవన్నీ పొద్దున్నే లీడర్ చెప్పారు. అయినా డముకు దాటి టైడా వైపు దిగుతుంటే ఒక మలుపులో హైదరాబాద్ కుర్రాడొకడు రోడ్డు పక్కన కూర్చుని కనిపించాడు. ఇరవై రెండేళ్లుంటాయి. భయపడి బ్రేకు వదలకుండా వచ్చానన్నాడు. ముందు రోజు అతికించిన అతుకు ఆ వేడికి లేచిపోయింది. రిమ్ము మీద వేలు పెడితే చురుక్కుమంది. మారు ట్యూబులు రెండూ దుమ్ము రోడ్లలోనే ఖర్చయిపోయాయి. వ్యానుకు కబురు పెడదామంటే సిగ్నల్ లేదు.

“దించు బాబూ” అన్నారు మాస్టారు.

ఆయన సైకిల్ సీటు కింద ఒక రేకు డబ్బా ఉంటుంది. అందులో గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు, చిన్న కత్తెర, పాత ట్యూబు ముక్కలు. టైరు లేపడానికి అరిగిన గరిటె కాడ. ఆ కుర్రాడి దగ్గరున్నది లక్ష దాటిన సైకిల్. గరిటె కాడ చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. మాస్టారు అది గమనించి, గీత పడకుండా రిమ్ముకు జేబురుమాలు అడ్డం పెట్టారు. పక్కన సన్నగా జారుతున్న వాగు నీళ్లలో గాలి కొట్టిన ట్యూబును కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పారు. బుడగలు వచ్చిన చోట వేలు పెట్టారు. తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దారు. సొల్యూషన్ పూశారు. కుర్రాడు వెంటనే ముక్క అతికించబోతే చెయ్యి పట్టుకున్నారు.

“తడి మీద అతికిస్తే నిలవదు. ఆరనియ్యాలి. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు పెట్టాలి.”

ఐదు నిమిషాలు. ముగ్గురం ఆ ట్యూబునే చూస్తూ కూర్చున్నాం. ఎవరి దగ్గర నేర్చుకున్నారు సార్ అని కుర్రాడు అడిగాడు.

“ముప్పై నాలుగేళ్లు మా ఇంటి నుంచి బడికి పదకొండు కిలోమీటర్లు తొక్కాను బాబూ. దారిలో షాపు లేదు. పిల్లలు గంట కొట్టి ఎదురుచూస్తుంటారు. నేర్చుకోక ఏటి చేస్తాను?” అని, కాస్త ఆగి అన్నారు. “రిటైరైన రోజు రాత్రి లెక్కేశాను. రానూ పోనూ ఇరవై రెండు, ఏడాదికి రెండొందల ఇరవై రోజులు. లక్షా అరవై నాలుగు వేల కిలోమీటర్లు దాటింది. అంటే భూమి చుట్టూ నాలుగుసార్లు. కానీ ఒక్కసారైనా మా మండలం దాటి వెళ్లలేదు, సైకిల్ మీద.”

ముక్క అతికించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కారు. పంపు కుర్రాడి చేతికిచ్చి, గాలి అతన్నే కొట్టమన్నారు. ఆ అతుకు విశాఖ దాకా ఊడలేదు.

మేం బొడ్డవర దగ్గర కొండ దిగేసరికి ముందున్నవాళ్లంతా చెట్టు కింద గంటన్నరగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. లీడర్ మా వెనక ఎవరైనా ఉన్నారా అని కూడా అడగలేదు. నన్ను చూశారు, విజిల్ వేశారు, లేచారు.

ఎస్.కోటలో సోమవారం

యాత్ర విశాఖలో ముగుస్తుందనుకుంటాం గానీ, నిజానికి శృంగవరపుకోటలో భోజనాల దగ్గరే కొంత ముగిసిపోయింది. ఫోన్లకు ప్రాణం వచ్చింది. బ్యాంకు ఉద్యోగిని విస్తరి ముందు కూర్చుని రేపటి సెలవు గురించి ఎవరికో సంజాయిషీ ఇస్తున్నారు. డాక్టరుగారికి రాత్రి డ్యూటీ గుర్తొచ్చింది. ఐదు రోజులుగా ఒకరి పెరుగు అన్నంలోకి ఇంకొకరి ఆవకాయ వేసుకున్నవాళ్లం, ఎవరి బస్సు ఎన్నింటికో అడిగి తెలుసుకుంటున్నాం. పాడేరులో కొన్న మాడుగుల హల్వా పొట్లం అప్పుడు బయటికి తీశాడు ఖమ్మం తమ్ముడు. ఇంటికి తీసుకెళ్దామని దాచుకున్నది. తలా ఒక ముక్క వచ్చింది. నాకు గొంతులో అడ్డం పడింది.

అక్కడి నుంచి చదునైన నేల. లక్కవరపుకోట, కొత్తవలస. పొద్దున లోయలో చూసిన రైలు దారి మొదలయ్యేది కొత్తవలసలోనే. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి ఎదురుగాలి లేచింది. కొండ అయితే ఎక్కితే అయిపోతుంది. ఎదురుగాలి అయిపోదు. ముందు మనిషి చక్రానికి మూరెడు దూరంలో తొక్కితే వెనకవాళ్లకు శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. అందుకే బారు కట్టాం. గాలిని చీల్చే మనిషి రెండేసి నిమిషాలకు పక్కకు తప్పుకుని బారు తోకకు వస్తుంటే, తర్వాతి మనిషి ముందుకు వెళ్తారు. మాస్టారిని మధ్యలో పెట్టాం. ఆయనకు ముందు ఇష్టం లేకపోయింది. తర్వాత కాసేపటికి, ఇలాగే తేలినీలాపురం వలస పక్షులు వస్తాయని, బారు కట్టి, అలిసిపోయినది వెనక్కి జారుతుంటే ఇంకొకటి ముందుకు జరుగుతూ వస్తాయని, చిన్నప్పుడు చింతచెట్ల కింద నిలబడి చూసేవాళ్లమని గాలికి అడ్డంగా అరిచి చెప్పారు. నేను బారు తోకలోనే ఉండిపోయాను. అందరి వీపులూ ఒకే లయలో కదులుతున్నాయి. బ్యాంకు ఉద్యోగిని ఎడమ భుజం ఇప్పుడు ఎగరడం లేదు.

పెందుర్తికి ముందు కుర్రాళ్లకు ఉత్సాహం ఆగలేదు. ఆఖరి పది కిలోమీటర్లు పందెం వేసుకుందామన్నారు. టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజు గురించి వాళ్లకు బాగా తెలుసు. పారిస్‌లో ఆ రోజు మామూలుగా, మొత్తం లెక్కలో ముందుండి పసుపు చొక్కా వేసుకున్న మనిషి మీద ఎవరూ పోటీకి పోరు, అది మర్యాద. 1989లో మాత్రం ఆఖరి రోజును విడివిడిగా గడియారంతో పోటీపడే పందెంగా పెట్టారు. గ్రెగ్ లెమాండ్ అనే అమెరికన్ 50 సెకన్లు వెనకబడి మొదలుపెట్టి, 3,200 కిలోమీటర్ల పైచిలుకు యాత్రను లారెంట్ ఫిన్యాన్ కన్నా 8 సెకన్ల తేడాతో గెలిచాడు. గొప్ప రోజే. కుర్రాళ్లు చెబుతుంటే నా ఒళ్లు కూడా జలదరించింది. కానీ ఎవరూ ముందుకు పోలేదు. టైడా మలుపులో అతుకు వేయించుకున్న కుర్రాడే అన్నాడు, “ఇవాళ వద్దురా.”

గోపాలపట్నం, ఎన్‌ఏడీ కూడలి, ఆటోలు, సిటీ బస్సులు, ఆదివారం సాయంత్రపు జనం. మాస్టారికి నగరంలో సైకిల్ తొక్కిన అలవాటు లేదు. ఫ్లైఓవర్ కింద కూడలిలో ఎటు తిరగాలో తెలియక ఒక్కసారిగా ఆగిపోయారు. వెనక నుంచి హారన్లు. నేను వెళ్లి ఆయనకు కుడి పక్కన, బండ్లకు అడ్డంగా నిలబడ్డాను. “నేనున్నాను మాస్టారూ, మెల్లగా పదండి” అన్నాను. ఆయన పెడల్ మీద కాలు పెట్టారు. అక్కడి నుంచి బీచ్ దాకా ఆయన వేగమే నా వేగం. సిగ్నళ్ల దగ్గర ఆయన దిగితే దిగాను, ఎక్కితే ఎక్కాను. సైకిల్ మీద నేనింత నెమ్మదిగా ఎన్నడూ వెళ్లలేదు.

రామకృష్ణా బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటి కాస్త ముందుకు వెళ్లేసరికి పదహారు సైకిళ్లు రోడ్డు వార ఆగి ఉన్నాయి. పొద్దు వాలుతోంది. సముద్రం నలభై అడుగుల్లో ఉంది. ఒక్కరూ ఇసకలోకి దిగలేదు. మేమిద్దరం చేరాక అందరం సైకిళ్లు దించుకున్నాం. ఇసకలో చక్రాలు కూరుకుపోతుంటే భుజాల మీదికి ఎత్తుకున్నాం. ఉప్పునీళ్లు తగిలాక వెంటనే మంచినీళ్లతో కడగకపోతే చెయిన్ తుప్పు పడుతుందని డాక్టరుగారు రెండు క్యాన్లు సిద్ధంగా పెట్టారు. ఎవరో ఫోను తీసి ఫొటోకు వరసలో నిలబడమన్నారు. సముద్రానికి ఎదురుగా పద్దెనిమిది ముందు చక్రాలు. వరస చివర, అందరికన్నా వెనక, నేను.

“ఉండండుండండి” అన్నారు మాస్టారు.

తన సైకిల్‌ను కుర్రాడి చేతికిచ్చి ఇసకలో నడుచుకుంటూ వరస ముందుకు వెళ్లారు. ఆరు రోజులుగా లెక్క మొదలయ్యే చోటది. అక్కడ ఆగి మా వైపు తిరిగారు. కళ్లద్దాల మీది ఉప్పుచెమ్మ తుడుచుకున్నారు. వేలు పైకెత్తి, ముందున్నవాళ్లను దాటించుకుంటూ వచ్చి, వరస చివర ఆపారు.

“లాభం” అన్నారు, నన్ను చూపించి.

తర్వాత నా పక్కనున్న డాక్టరుగారి నుంచి రెండు, మూడు, నాలుగు. అలల చప్పుడులో కొన్ని అంకెలు వినబడలేదు. పదిహేడు దగ్గర ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

“నాతో పద్దెనిమిది.”

అప్పుడు దిగాయి చక్రాలు నీళ్లలోకి.